రత్నం గారు స్విచ్ ఆపిన రోజు

రత్నం గారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది ఆయన ఒకప్పటి భాగస్వామి యాదగిరి గారే. పద్మారావు నగర్‌లో మా ఇంటి గుమ్మం ముందు, తడిసిన గొడుగైనా మడవకుండా నిలబడ్డారు. అప్పుడే కరెంటు పోయి లోపలి గదిలో యూపీఎస్ కుయ్యికుయ్యిమంటోంది. “సార్ పోయిండమ్మా. యాప్రాల్‌ల నిన్ననే మట్టి చేసిన్రట. నాకు సుత ఎవ్వరు చెప్పలే,” అన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన వెళ్లాక ప్రార్థన చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. ఆ కూత వింటూ అలాగే ఉండిపోయాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. పసితనం నుంచీ ఉబ్బసం. గుంటూరు వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం మాది. అమ్మే నన్ను వంటగదిలో పీట మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది, బైబిల్ వాక్యం చదివించింది, లెక్కలు చెప్పింది. చదువైతే వచ్చింది గానీ చూపించడానికి ఒక్క సర్టిఫికెట్ లేదు. అలాంటి నాకు పని ఇచ్చింది రత్నం గారు. ఆయన, యాదగిరి గారు కలిసి మా వీధి చివర, కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు తయారుచేసే డీటీపీ సెంటర్ నడిపేవారు. నాచేత ఒక పేజీ కొట్టించి, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, “తొందర లేదు నీకు. అది మంచిదే. రేపు రా, సువార్తమ్మా,” అన్నారు. ఆ మాటకు నేను ఇవాళ్టికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

సెంటర్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. దాని గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం ఏమిటంటే, దాని స్విచ్ ముట్టకూడదు. యాదగిరి గారు స్విచ్ మీద నల్ల టేపు అంటించేశారు. కరెంటు పోతే మెట్ల కింద బ్యాటరీలున్నాయి. సాయంత్రం తెర మాత్రం ఆపి వెళ్లేవాళ్లం; పెట్టె రాత్రంతా నడుస్తూనే ఉండేది. మధ్యలో బిగుసుకుపోతే కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలు కలిపి నొక్కడమే. వెంటనే లేచి కూర్చునేది.

ఒక ఏడాది ఓ చర్చివాళ్లు తమ పాటల పుస్తకం మాకిచ్చారు. వారాల తరబడి కొట్టాను. సరిచూసి పంపిన పేజీల్లో కూడా తప్పులు తేలడం మొదలైంది. ఒకచోట అక్షరం మారేది, మరోచోట గుణింతం ఎగిరిపోయేది. దిద్దితే ఇంకో పేజీలో వచ్చేది. చివరికి ఒక పాటలో ప్రభువు నామమే చెడిపోయి అచ్చయింది. చర్చి పెద్ద ఆ కాగితం మా బల్ల మీద పడేసి వెళ్లిపోయారు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

“ఏందమ్మా గిది?” అన్నారు యాదగిరి గారు. “బడి మొకం జూడని పిల్లకు గింత పెద్ద పని ఇయ్యొద్దని మొదలే చెప్పిన. సార్ ఇంటేనా? రేపటి సంది రాకమ్మా.”

నాకు ఏడుపు కూడా రాలేదు. నిజంగా నేనే ఆ నామాన్ని చెరిపానేమోనన్న భయం పట్టుకుంది.

రత్నం గారు ఆ కాగితాన్నీ, మొన్న సరిచూసిన ప్రతినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. “ఈ పేజీని మొన్న సరిచూశాక అమ్మాయి మళ్లీ ముట్టలేదు. ముట్టని పేజీలో అక్షరం ఎలా మారింది, యాదగిరీ?”

“మిషిన్ మంచిగనే ఉంది సార్. పొద్దుగాల గూడ మూడు మీటలు ఒత్తిన. జల్దీ వచ్చేసింది.”

“అదే నేనూ అంటున్నది. అలా లేపితే అది కునుకు తీసి లేచినట్టే. ఇందాక బాగానే ఉన్నాను కదా అనుకుని తన జ్ఞాపకాన్ని, అదే మెమరీని, చూసుకోదు. పూర్తిగా ఆపి, చల్లారనిచ్చి పెడితేనే మొదటినుంచీ ఒక్కో అర తట్టి చూసుకుంటుంది. మనం నెలల తరబడి దాన్ని చూసుకోనివ్వలేదు.”

ఆయన చెయ్యి టేపు మీదకు వెళ్లింది. యాదగిరి గారు అడ్డంపడ్డారు. “వద్దు సార్, మీకు దండం పెడత! పాత హార్డ్ డిస్క్ అది. ఆగిందంటే మళ్ల తిరగదు. పుస్తకం పోతది, దుకాణం పోతది!”

“తెలుసయ్యా. పుస్తకం మళ్లీ కొట్టుకుంటాం. ఈ పిల్ల మీద పడ్డ మాట ఎలా తీస్తాం?”

టేపు ఊడదీసి ఆపేశారు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ ఎరగను. కాసేపటికి మళ్లీ పెట్టారు. నల్లటి తెర మీద జ్ఞాపకం లెక్క మెల్లగా పెరుగుతూ వచ్చి, సగంలో ఆగిపోయింది. మెమరీ చెడిందని ఇంగ్లీషులో ఒక వరుస పడింది. యాదగిరి గారు నావైపు చూసి తల దించుకున్నారు. రత్నం గారు చెడిన మెమరీ ముక్క తీసేసి మళ్లీ స్విచ్ వేశారు. ఈసారి లెక్క చివరిదాకా వెళ్లింది. కానీ హార్డ్ డిస్క్ తిరగలేదు. యాదగిరి గారు భయపడ్డదీ నిజమే అయింది.

ఫ్లాపీల్లో దాచుకున్న నకళ్లలోనూ అవే తప్పులు. చర్చివాళ్లు పని వేరేవాళ్లకిచ్చారు. కొద్ది రోజులకే భాగస్వాములు విడిపోయారు, సెంటర్ మూతపడింది. మూసే ముందు రత్నం గారు నన్ను వెంటబెట్టుకుని పద్మారావు నగర్‌లో మరో సెంటర్‌కు తీసుకొచ్చి, “తప్పు ఈ అమ్మాయిది కాదు. నేను కళ్లారా చూశాను,” అని చెప్పి, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత యాప్రాల్‌లో రేకుల షెడ్డులో పిల్లలకు టైపు నేర్పుతూ బతికారు. ఆ షెడ్డు ఎండాకాలం పెనంలా కాలేది.

ఒక క్రిస్మస్‌కు కేకు పట్టుకెళ్లినప్పుడు, ఉండబట్టలేక అడిగాను. “నాకోసం అంతా పోగొట్టుకున్నారు కదండీ?”

“నీకోసమని ఎవరన్నారు?” అని నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. “నాకూ నీ మీద అనుమానం వచ్చిందమ్మా, ఒక పూట. స్విచ్ ఆపకపోతే అది నాలో ఉండిపోయేది. నిన్ను చూసినప్పుడల్లా లోపల అదే మెదిలేది. అలా ఉండలేను.”

ఇప్పుడు నేను నడిపే సెంటర్లో ఇద్దరు అమ్మాయిలు పని చేస్తున్నారు. తప్పు దొరికిన రోజున నాలుక చివరిదాకా వచ్చిన మాటను పట్టుకుని, పని మొత్తం ఆపించి, మొదటినుంచి చూస్తాను. ఆలస్యమవుతుంది, నష్టమూ వస్తుంది. ఒక్కోసారి తప్పు వాళ్లదే అయి ఉంటుంది. అయినా చూడకుండా మాట అననందుకు మనసు తేలికగా ఉంటుంది.

ఆయనకు పిల్లలు లేరు. ఆయన భార్య ముందే పోయారు. ఏటేటా సమాధికి సున్నం వేయించే మనిషి లేడు. ఆ పని నేను చేస్తాను. మీరు ఆయన్ని చూడలేదు, ఇక చూడలేరు. ఎవరిమీదనైనా మాట వేయబోయే ముందు ఒక్క క్షణం ఆగితే, ఆ క్షణంలో రత్నం గారిని తలచుకోండి.