మెసేజ్‌లో పడే పేరు

కోరాపుట్ కోర్టు పక్క వీధిలో మా సీనియర్ ఆఫీసు. ముందు గదిలో కక్షిదారులకి రెండు బెంచీలు, లోపలి గదిలో ఆయన బల్ల, దానికి అడ్డంగా నా బల్ల. ఆయనది శ్రీకాకుళం వైపు. కుర్రతనంలో ఇక్కడికి వచ్చి వకీలుగా పాతుకుపోయారు. ఫీజు విషయంలో ఆయనకొక పద్ధతుండేది. వకాల్తా మీద సంతకం అయ్యాక కక్షిదారు నోట్లు తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఆయన వాటివైపు చూడకుండా సొరుగులోకి తోసేసి, కేసు గురించి మాట్లాడటం మొదలుపెట్టాలి. ఫీజు అడగడం నామోషీ, తీసుకోవడం మర్యాద అని ఆయన లెక్క.

ఈ మధ్య సునాబెడ ఫ్యాక్టరీ టౌన్‌షిప్ నుంచి వచ్చేవాళ్ల దగ్గర నోట్లు ఉండటం లేదు. "సార్, కార్డు తీసుకుంటారా?" అని అడగడం మొదలెట్టారు. "కార్డేటి, ఇది సెప్పుల కొట్టనుకున్నావా?" అనేవారు ఆయన. వాళ్లు నవ్వి ఏటీఎం వెతుక్కుంటూ పోయేవారు. కొందరు మళ్లీ వచ్చేవారు కాదు. మిషను పెట్టుకుందామని నేను చెప్పీ చెప్పీ విసిగిపోయాను. మా ఆఫీసులో కరెంటుతో నడిచే ప్రతి వస్తువుకీ నేనే పూచీ. ఫ్యాను ఆగినా నన్నే కేకేస్తారు. కాబట్టి కార్డు మిషను గొడవ కూడా నా నెత్తినే పడుతుందని తెలుసు. అయినా పట్టుబట్టాను. దానికి కారణం ఒక నర్సు.

ఆమె జయపురంలో ఒక ఆసుపత్రిలో పని చేసేది. భర్త టెక్నీషియన్, కాపురం సునాబెడ క్వార్టర్స్‌లో. ఒక్కతే కూతురు. మాలాగే తెలుగు క్రైస్తవుల కుటుంబం, కన్నవాళ్లది విజయనగరం దగ్గర. డ్యూటీ బట్టల్లోనే వచ్చి, సార్ కోర్టుకి వెళ్లాక నా బల్ల ముందు కూర్చుంది. మణికట్టు దగ్గర వాపు కనిపిస్తూనే ఉంది. నేను అడగలేదు, ఆమే చెప్పింది. వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని పాపతో వెళ్లిపోవాలి, వెళ్లే రోజే కోర్టులో రక్షణ కోసం పిటిషన్ వెయ్యాలి. అంతవరకు మొగుడికి తెలియకూడదు.

"ముందుగాల తెలిసిందంటే నేను కోర్టుదాకా రాను మేడమ్. రానివ్వడు" అంది.

ఆడవాళ్లకి ప్రభుత్వమే ఉచితంగా వకీల్ని ఇస్తుందని చెప్పాను. నా ఫీజు తరవాత చూసుకుందామని కూడా అన్నాను. ఆమె రెండింటికీ తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు మేడమ్. నా జీతం నాదని కోర్టుకి సెప్పుకోవాల గదా. నా కేసుకి నా జీతమే కడతాను."

జీతం ఆమె ఖాతాలోనే పడుతుంది. కానీ బ్యాంకులో ఉన్నది అతని ఫోను నెంబరు. ఏటీఎంలో డబ్బు తీస్తే సాయంత్రానికల్లా దేనికని అడుగుతాడు. కొట్లలో కార్డు గీస్తే మాత్రం పట్టించుకోడు. సరుకులు, మందులు, పాప బూట్లు, ఏదో ఒకటి. అందుకని ఆమెకి కార్డొక్కటే దారి. "మిషను తెప్పిస్తున్నాం, ఇంక నీకు బెంగ లేదు" అన్నాను నేను, పెద్ద ఆరిందాలా. "తెచ్చేక నాకు ఫోను సెయ్యకండి మేడమ్, నేనే వస్తాను" అని ఆమె బస్సుకి వెళ్లిపోయింది.

మొదట జయపురం నుంచి ఒకాయన చిన్న డబ్బా పట్టుకొచ్చాడు. డబ్బు పడగానే ఎంత పడిందో అది అరిచి చెబుతుంది. చూపిస్తానని తన ఫోను నుంచి కాస్త డబ్బు పంపాడు. డబ్బా హిందీలో వీధి చివరిదాకా చాటింపు వేసింది. ముందు గదిలో పొలం పంపకాల కేసు అన్నదమ్ముల్లో పెద్దాయన కూర్చున్నాడు. తమ్ముడి వకీలు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి మా గుమ్మంవైపు చూశారు.

"బాబూ, దీన్ని సంచీలో పెట్టీ. ఇది నాకంటే గట్టిగా వాదిస్తన్నాది" అన్నారు సార్.

తరవాత బ్యాంకు మనిషి వచ్చాడు. అప్పుడు సార్ నేను అనుకోని ప్రశ్న వేశారు. కక్షిదారు కోర్టు ఫీజుకని ఇచ్చిన డబ్బులోంచి మీ కమీషను కోసుకుంటే ఎలా, అది నా డబ్బు కాదు కదా, అని. వృత్తిలో ఆయన శుద్ధి నాకు తెలుసు. కక్షిదారు డబ్బులోంచి టీ కూడా తాగరు. కమీషను విడిగా నెలాఖరున మీ సొంత ఖాతా నుంచే తీసుకుంటామని, వచ్చిన డబ్బు వచ్చినట్టే పడుతుందని బ్యాంకు మనిషి వివరించాడు. ఆయనకి నచ్చింది. కొన్నాళ్లు వాడి చూడమని మిషను ఇచ్చి వెళ్లాడు. వెళ్లేముందు మిషనులో పేరు ఏం పెట్టాలని అతను అడిగితే సార్ గుమ్మం మీది బోర్డు చూపించారు. ఇంటిపేరు, పేరు, కింద లా ఛాంబర్, కోరాపుట్.

ఆ సాయంత్రం మిషను పనిచేస్తోందో లేదో చూద్దామని నా కార్డే గీసి పది రూపాయలు కట్టాను. రసీదు వచ్చింది. చించి పక్కన పెట్టేలోగా ఫోను మోగింది. రాయగడ నుంచి మా ఆయన. ఆయన రైల్వే ఆఫీసులో పని చేస్తారు. నేను శనివారాలు రైల్లో అక్కడికి వెళ్లి, సోమవారం తిరిగొస్తాను.

"ఏటి, మీ ఆఫీసులో నువ్వే ఫీజు కట్టుకుంటన్నావేటి?" అన్నారు నవ్వుతూ.

"మీకెలగ తెలిసింది?"

"మెసేజొచ్చింది. లా ఛాంబర్, కోరాపుట్ అని ఇంత పొడుగు రాసున్నాది."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అదీ నా సంగతి. ఆ నర్సు ఖాతాకి మొగుడి నెంబరు ఉందని జాలిపడ్డానే, నా ఖాతాకీ మొగుడి నెంబరే ఉంది. పెళ్లయిన కొత్తలో రాయగడలో ఖాతా తెరిచినప్పుడు నేనే నా చేత్తో ఆయన నెంబరు రాశాను. ఎవరూ రాయమనలేదు. మా వాళ్లలో అది అలవాటు. మగాడి ఫోనే ఇంటి ఫోను. మా అమ్మ టీచరుగా రిటైరైంది, ఆవిడ పింఛను మెసేజులు ఇప్పటికీ నాన్న ఫోనుకే వస్తాయి. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మా ఆయన మీద కోప్పడటానికి ఏమీ లేదు, ఆయన మంచివాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

కోపం కొంచెం చల్లారాక నర్సు గుర్తొచ్చింది. ఆమె వచ్చి కార్డు గీసి ఉంటే ఇదే పేరు అతని ఫోనులో పడేది. ఆమె ఇంటికి చేరేసరికి అతను గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

నెంబరు మార్పించుకోమంటే సరిపోతుంది కదా అనుకున్నాను. ముందు నాది మార్చి చూద్దామని ఆ శనివారం రాయగడ బ్యాంకుకి వెళ్లాను. కాగితాల మీద సంతకాలు పెట్టి ఇల్లు చేరేసరికి మా ఆయన ఫోను పట్టుకుని కూర్చున్నారు. మీ ఖాతా నెంబరు మారుతోంది, మీరు కాకపోతే బ్యాంకుకి చెప్పండి అని మెసేజ్ ముందు పాత నెంబరుకే వచ్చింది.

"నన్ను తీసేసేవన్నమాట" అన్నారు.

చిన్నబుచ్చుకున్నారు. మా ఇంట్లో అది అంతటితో పోయింది. సునాబెడలో ఆ ఇంట్లో అంతటితో పోదు. కాబట్టి ఆమె నెంబరు మార్చడం కుదరదు. మారాల్సింది మిషను మీది పేరే.

సోమవారం బ్యాంకు మనిషిని పిలిపించాను. ఛాంబర్ పేరు మీద తీసుకుంటే ఛాంబర్ పేరే పడుతుంది, మీ ఒక్కరి పేరు మీద తీసుకుంటే మీ పేరు మాత్రమే పడుతుంది అన్నాడు. వకీలని పడదా అంటే పడదన్నాడు. ఇందులో దొంగతనం ఏమీ లేదు కదా అని రెట్టించి అడిగాను. మీ పేరు, మీ ఖాతా, మీ సంపాదన, ఇందులో దొంగతనమేంటి మేడమ్ అన్నాడు. కమీషను విడిగా కోసుకునే ఏర్పాటు అలాగే ఉంచమన్నాను.

ఇంక సార్‌కి చెప్పాలి. అది బ్యాంకు పనికంటే కష్టం.

"నా ఆఫీసు మిషను నీ పేరు మీదేటమ్మీ?" అన్నారు. ఆయన మొహం చూసి నాకే బాధేసింది. జీవితమంతా ఆ బోర్డు మీదే కట్టుకున్న మనిషి. నేను నర్సు సంగతి మొదట్నించీ చెప్పాను. మణికట్టు, ఫోను, నా పది రూపాయలు, మా ఆయన నవ్వు, అన్నీ. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"మన బోర్డు సూస్తే మనిషికి దైర్యం వస్తాదనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ పేరు కనబడితేనే పేనం మీదకొచ్చేవోళ్లు కూడా ఉన్నారన్నమాట. నీ పేరే పెట్టీ" అన్నారు. ఆ మాట అన్నాక కూడా రెండ్రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. మూడో రోజు ఫ్యాను ఆగితే మళ్లీ కేకేశారు.

నర్సు వచ్చింది. మెసేజ్‌లో నా పేరు ఒక్కటే పడుతుందని చెప్పి, ఎవరని అడిగితే ఏం చెబుతావన్నాను. "అది నాకొగ్గీండి మేడమ్" అంది. నేను కల్పించి చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు. కార్డు గీసింది. రసీదు తీసుకోలేదు. గుమ్మం దాటకముందే ఆమె ఫోను మోగింది. మొగుడే.

"ఆఁ, నేనే. సీరలు. ఆవిడ మా ఆసుపత్రికి తెచ్చి అమ్ముతాది. వాయిదాల మీద. ఆఁ, సరే" అని పెట్టేసింది.

టౌన్‌షిప్ ఆడవాళ్లు క్వార్టర్స్‌లోనూ ఆసుపత్రుల్లోనూ వాయిదాల మీద చీరలమ్మడం మామూలే. అలా నేను చీరల వ్యాపారం పెట్టాను. ఆమె జీతం పడిన వారంలో వచ్చి వాయిదా కట్టేది. కోర్టు ఖర్చులు కొన్ని, నా ఫీజు కొంత. నేను పిటిషన్ రాస్తుంటే, ఆమె రాయగడలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం, పాపకి బడి వెతుక్కుంది. అతనికి చీరల మీద అనుమానం రాలేదు. ఆడవాళ్లకి చీరల పిచ్చి అని విసుక్కునేవాడట, అంతే.

వెళ్లే రోజు అతను పొద్దుటి షిఫ్టుకి పోగానే ఆమె పాపని తీసుకుని రైలెక్కింది. నేను పిటిషన్ పట్టుకుని కోర్టు వరండాలో నిలబడ్డాను. రైలు కకిరిగుమ్మ స్టేషను దాటాక ఫోను చేసి, "దాటేసేం మేడమ్" అంది. అప్పుడు లోపలికెళ్లి పిటిషన్ దాఖలు చేశాను. అతను ఆమె ఉన్న చోటికి వెళ్లకూడదని కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో. సార్ తన డబ్బుతో అందరికీ టీ తెప్పించారు.

నోటీసు అందాక అతను మా ఆఫీసుకి వచ్చాడు. ఒక్కడే. గట్టిగా అరిచే మనిషిని ఊహించుకున్నాను. సన్నగా, నీటుగా, చొక్కా టక్ చేసుకుని ఉన్నాడు. చేతిలో నోటీసు, దాని అడుగున నా పేరు. సార్ మాటలాపి కుర్చీ నా బల్లవైపు జరుపుకున్నారు.

"సీరలు మీవేనా?" అన్నాడు.

"నేను మీ భార్య తరఫు వకీల్ని. మీరు మాట్లాడాల్సింది నాతో కాదు. ఒక వకీల్ని పెట్టుకోండి, కోర్టులో చెప్పుకోండి" అన్నాను. అతనంటే భయం, అసహ్యం రెండూ ఉన్నాయి నాకు, ఇప్పటికీ ఉన్నాయి.

అతను వెళ్లలేదు. నోటీసు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"ఇన్ని నెలలు సీరలకని కట్టింది. మెసేజ్ పడినప్పుడల్లా సూసేను. ఎంత పోయిందో సూసేను. ఒక్క కొత్త సీరైనా కట్టిందా లేదా అని మట్టుకి సూడలేదు."