పేరు మీరే పెట్టుకోండి

తడిచేతికి ఇనుము తగిలితే ఒక వాసన వస్తుంది. ఈ ఆదివారం ఏలూరులో వానకు తడుస్తూ మా గది తాళం తీస్తుంటే ఆ వాసన చేతికి అంటుకుంది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి తేరుకున్న ప్రతిసారీ నాకు మొదట తెలిసేది ఆ వాసనే. మాది కొల్లేటి లంక. నేను పడిపోగానే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి నా గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కేవారు. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని నమ్మకం. లేచి కూర్చుని, ఎవరి తాళాలు వాళ్లకు తిరిగిచ్చేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఈ గదికి నన్ను తెచ్చింది గ్రేసమ్మ గారు. తాడేపల్లిగూడెంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్యాసింజరు బండి దిగి, చర్చి వెనకాల సండేస్కూలు గదిలో ఫిట్స్ ఉన్న కుర్రకారుని కూర్చోబెట్టి మాట్లాడించేవారు. మాత్రలు మానేసి వచ్చినవాళ్లను తిట్టేవారు కాదు. టీ మాత్రం అందరికన్నా ఆఖర్న ఇచ్చేవారు. తిట్టినా బాగుండేది. అప్పట్లో అక్కకి ఉండి అనే ఊళ్లో సంబంధం మాట్లాడుతున్నారు. నా సంగతి లంక దాటితే అది చెడిపోతుందని అమ్మ నాచేత ఒట్టేయించుకుంది. అందుకని చుట్టాలందరికీ నేను ఏలూరులో కంప్యూటర్ నేర్చుకుంటున్నట్టే.

ఒక ఆదివారం వెళ్లేసరికి చర్చి పెద్దగారు బ్యానరు విప్పి చూపిస్తున్నారు. 'మూర్ఛ వ్యాధిగ్రస్తుల యువజన సంఘం' అని ఎర్రటి అక్షరాలు. వీధి గేటుకు కట్టిస్తారట. నేను ఆ గేటులోంచి రావడం ఆ ఉండి సంబంధం వాళ్లలో ఏ ఒక్కరు చూసినా చాలు.

"పేరు పెట్టుకోవాల్సింది పిల్లలండీ," అన్నారు గ్రేసమ్మ గారు.

"పేరూ ఊరూ లేని సంఘానికి గది ఎలా ఇచ్చావంటే కమిటీకి ఏం చెప్పనండీ? ఇవాళ తేల్చేయండి. లేదంటే గది ఖాళీ చేద్దురుగాని," అన్నారాయన మెత్తగానే. మావైపు మెత్తగా అన్న మాటకే ఎక్కువ భయపడాలి.

గ్రేసమ్మ గారిది ఒకటే షరతు: ఏ ఒక్కరు వద్దన్నా ఆ పేరు వద్దు. "దాక్కోవడం ఎందుకండీ, బ్యానరు మీదదే ఉంచేద్దాం," అన్నాడొకబ్బాయి. ఒక్కొక్కరే తలూపారు. చివరికి అందరి కళ్లూ నామీదే.

"నువ్వు చెప్పమ్మా సునీతా. తొందరేం లేదు," అన్నారావిడ.

ఔనంటే అక్క పెళ్లి పోతుంది, కాదంటే ఇంతమందికీ గది పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. నోరు తెరవడం వరకే నాకు గుర్తు.

తేరుకునేసరికి అదే వాసన. గ్రేసమ్మ గారు నన్ను పక్కకు తిప్పి, తల కింద తన సంచీ పెట్టారు. చేతిలో ఏమీ పెట్టకూడదని వారం వారం నేర్పే ఆవిడ ఎదుటే, పెద్దగారు కంగారులో చర్చి తాళాలన్నీ నా గుప్పిట్లో కుక్కేశారు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎక్కడికెళ్లినా నాకు తాళాలేనా!" అని అరిచాను.

"నాకు బీరువా తాళాలు పెట్టేవారండీ," అంది ఒకమ్మాయి మెల్లగా. "నాకు ట్రాక్టరు తాళం," అన్నాడు ఇందాకటి అబ్బాయి. గదిలో ఆ ఇనుము పట్టుకోనివాళ్లు ఒక్కరూ లేరు. ముందు ఎవరు నవ్వారో గానీ, పెద్దగారు తప్ప అందరం నవ్వాం.

"తాళాలగుత్తి అని పెట్టుకుందామండీ," అన్నాను. మాకు తెలుస్తుంది, వీధిలో పోయేవాళ్లకు తెలియదు. ఒక్కరూ వద్దనలేదు. గుత్తి తిరిగివ్వబోతే పెద్దగారు, "నాకు తెలీక పెట్టేశానమ్మా," అని గది తాళం ఊడదీసి నా పక్కన ఉంచారు. బ్యానరు చుట్టి చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. నా సంగతి అక్క అప్పటికే కాబోయే బావగారికి చెప్పేసిందని తర్వాత తెలిసింది. నా వణుకంతా దండగ.

గ్రేసమ్మ గారు పోయాక ఈ గుంపును నేనే చూసుకుంటున్నాను. ఈ ఆదివారం అత్తిలి నుంచి వచ్చే అమ్మాయి లేచి నిలబడింది.

"ఏవండీ, పేరు మార్చుకుందామండీ. మా చేతుల్లో ఎవరూ తాళాలు పెట్టలేదండీ. ఎవరడిగినా మీ కథే చెప్పాల్సి వస్తోంది."

మనసు చివుక్కుమంది. గోడమీద ఉన్నది 'తాళాలగుత్తి' అని గ్రేసమ్మ గారు తన చేత్తో రాసిన అట్ట. 'మీకేం తెలుసు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిగతావాళ్లు బిక్కుబిక్కుమంటూ నావైపు చూస్తున్నారు. ఆ చూపు నేనెరుగుదును. ఆరోజు బ్యానరు పట్టుకుని పెద్దగారు నిలబడ్డ చోట ఇవాళ నేను నిలబడి ఉన్నాను.

స్టూలు ఎక్కి అట్ట దింపాను. ఏడుపొచ్చింది. గది తాళం వాళ్ల ముందు బల్లమీద పెట్టి, ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"నువ్వు చెప్పమ్మా," అన్నాను. "తొందరేం లేదు."