మా అత్తయ్యగారు ఫోన్‌లో ధైర్యం చెప్పిన మనిషి

మా ఆయన రాడ్ బెండింగ్ మేస్త్రి. స్లాబ్ పోసే ముందు ఇనుప కడ్డీలను వంచి, గళ్లుగా పరిచి, వైరుతో బిగించి కట్టడం ఆయన పని. మాది భీమడోలు. నేను అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. వయసులో ఉన్నప్పుడు కొల్లేటి చేపలు తట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. ఆవిడ గొంతు ఈ వీధిలో పలికితే ఆ వీధిలో వినిపిస్తుంది.

ఇజ్రాయెల్లో బిల్డింగు పనులకు మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి మా ఆయన బయల్దేరారు. అక్కడ యుద్ధం సంగతి రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం. "మోకాళ్లు బాగున్నప్పుడే నాలుగు రాళ్లు వెనకేసుకోవాలి" అన్నారు ఆయన. మా సంఘంలో మాత్రం అందరూ సంబరపడ్డారు. పరిశుద్ధ దేశం వెళ్తున్నాడని పాస్టరుగారు ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. యొర్దాను నది నీళ్లు ఓ సీసాడు తెమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు.

వెళ్లిన కొత్తలోనే ఆయన నాకు ఓ మాట చెప్పారు. అమ్మకి చెప్పొద్దన్నారు. "సైరన్ మోగితే కింద గట్టి గోడల గదిలోకి పోవాలి. కింది అంతస్తుల్లో ఉన్నోళ్లు పోగలరు. పైన స్లాబ్ మీద ఉన్నోళ్లకి రాకెట్లు పడేలోపు దిగే టైము చాలదు. మాలో సగం మందికి వాళ్ల భాష రాదు. ఎవరేం అరుస్తున్నారో తెలీదు. పక్కోడు ఎటు పరిగెడితే అటు పరిగెడతాం." నేను ఆ మాట కడుపులో దాచుకుని బడికి వెళ్లి వస్తుండేదాన్ని.

అక్కడ ఆదివారం పని రోజు. ఆ ఆదివారం మేము ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిని కూర్చున్నాం. ఆయనకు అది భోజనాల వేళ. స్లాబ్ మీదే కూర్చుని వీడియో కాల్ చేశారు. పక్కనున్న కడ్డీలకు ఫోన్ ఆనించి రొట్టె తింటున్నారు. వెనక సముద్రం సన్నటి నీలపు గీతలా కనిపిస్తోంది.

"ఏం కూరరా నాన్నా?" అన్నారు అత్తయ్యగారు.

"కూరెక్కడిదమ్మా, టమాటా ముక్కలే" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే సైరన్ మొదలైంది.

ఆయన లేచారు. కాలు తగిలి ఫోన్ వెల్లకిలా పడింది. ఎవరెవరో పరిగెడుతున్న చప్పుడు. తరువాత తెరలో మనుషులెవరూ లేరు. ఆకాశం ఒక్కటే ఉంది.

అంత శుభ్రమైన ఆకాశాన్ని నేను చూడలేదు. దానిమీద తెల్లటి గీతలు నిటారుగా ఎగబాకాయి. ఒకటి, మరొకటి, ఆపైన లెక్కకందలేదు. వచ్చే రాకెట్లను గాలిలోనే కూల్చే క్షిపణులవి అని తరువాత తెలిసింది. పట్టపగలు, ఎండలో, నక్షత్రం పేలినట్టు ఒక వెలుగు. చప్పుడు కాస్త ఆగి వచ్చింది. ఫోన్‌తో పాటు ఆకాశమే అదిరినట్టు కనిపించింది. భయం వేయాల్సిన చోట నాకు ముందు ఆశ్చర్యం వేసింది. మనుషులు చేసినదేనా ఇది అనిపించింది. ఆ వెలుగు కింద మా ఆయన ఉన్నారన్న సంగతి తరువాత తట్టింది.

"అమ్మాయ్, అక్కడెవరో మూలుగుతున్నారే" అన్నారు అత్తయ్యగారు.

నిజమే. ఎవరో దగ్గరలోనే ఉన్నారు. కడ్డీలు గీరుకున్న చప్పుడైంది. తెర అంచున ఒక ముఖం కనిపించింది. ఎర్రటి మనిషి, నెరిసిన గడ్డం, తల మీద హెల్మెట్ లేదు. మమ్మల్ని చూసి ఏదో అన్నాడు. మా ఇద్దరికీ అర్థం కాలేదు.

అత్తయ్యగారు ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నారు. "నాయనా, లేవకు. అలాగే పడుకో. తల వంచుకో. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను" అన్నారు. మళ్లీ పేలింది. ఆ మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆవిడ గొంతు ఇంకాస్త పెంచారు. "అయిపోతుంది బాబూ, అయిపోతుంది. ఎవరు కన్న బిడ్డవో. మీ అమ్మ ఉందా? ఉంటే ఆవిడే మాట్లాడుతుందనుకో." తెలుగులో అలా మాట్లాడుతూనే ఉన్నారు. కొల్లేరులో గాలివాన వచ్చినప్పుడు పడవలో బోర్లా పడుకున్న సంగతి చెప్పారు. కీర్తన ఒకటి సగం పాడి మరచిపోయి వదిలేశారు. ఆ మనిషి కళ్లు తెరచి తెరనే చూస్తున్నాడు. మాట తెలియకపోయినా మాటని పట్టుకుని ఉన్నాడు. నేను పక్కన నిలబడి ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాను.

ఎంతసేపైందో తెలియదు. ఒక్కసారిగా మా ఆయన గొంతు వినిపించింది. ఆయన ఆ మనిషి భుజాలు పట్టుకున్నారు. తరువాత ఫోన్ ఆగిపోయింది.

సాయంత్రం మళ్లీ చేశారు. ఆ మనిషిది మాల్డోవా అట. పరిగెత్తబోతే కాలు కడ్డీల గడిలో ఇరుక్కుని చీలమండ విరిగిందట. ఎలాగో కిందకి పరిగెత్తి గదిలోకి చేరాక అతను రాలేదని గమనించి, ఎవరూ బయటికి పోకూడదని మేనేజరు అరుస్తున్నా వినకుండా మా ఆయన మెట్లెక్కి పైకి వెళ్లారు. అప్పటికింకా పేలుళ్లు ఆగలేదు. పక్క సైట్‌లో రాకెట్ శకలం పడి ఒకతను చనిపోయాడు. అతనూ పరాయి దేశం వాడే. ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్పారో, ఏ భాషలో చెప్పారో మా ఆయనకి తెలియదు.

అంతా విని అత్తయ్యగారు మండిపడ్డారు. "ఆగకుండా ఎందుకెళ్లావురా పైకి? నీకేమన్నా అయితే?"

"పైన ఒక్కడే ఉన్నాడనుకున్నానమ్మా" అన్నారాయన. "నువ్వున్నావని నాకు తెలీదు కదా."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి బడి పిల్లల అట్లాసులో మాల్డోవా వెతికాను. నల్లసముద్రానికి కాస్త ఎగువన, నా వేలి గోరు కింద దాక్కునేంత దేశం. ఇన్నేళ్లు సోషల్ చెప్పినా దానిమీద నా చూపు ఆగనేలేదు. కాలికి కట్టు కట్టాక ఒకరోజు ఆ మాల్డోవా మనిషి మా ఆయన పక్కన కూర్చుని వీడియోలో అత్తయ్యగారిని చూపించమన్నాడు. వాళ్ల భాషలో చాలాసేపు చెప్పాడు. ఆవిడ తెలుగులో చాలాసేపు చెప్పారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఎవరికీ లోటు అనిపించలేదు.

ఒప్పందం పూర్తయ్యాక మా ఆయన వచ్చేశారు. మళ్లీ వెళ్తానని అనలేదు, వెళ్లనని కూడా అనలేదు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక అపార్ట్‌మెంటుకు పని చేస్తున్నారు. మొన్న అటు వెళ్లినప్పుడు అత్తయ్యగారు పైకి ఎక్కుతానన్నారు. కొడుకు పని చేసే ఎత్తు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. గోడ పట్టుకుని, ప్రతి అంతస్తులోనూ ఆగి, పైకి చేరారు. పరిచిన కడ్డీల అంచున నిలబడి కిందికి చూశారు. రైలు గేటు దగ్గర లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

"అక్కడ ఇంతెత్తేనా?"

"ఇంకా ఎత్తమ్మా."

ఆవిడ ఒక నిలువు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నారు. గాలికి కొంగు ఎగురుతున్నా సర్దుకోలేదు. మేము రమ్మని రెండుసార్లు పిలిచినా చాలాసేపు కదల్లేదు.