వైశాఖం దగ్గర ఆగిన క్యాలెండర్

మా ఇంటి గోడమీద ఇంకొకరి పేరున్న క్యాలెండర్ వేలాడదు. నగల కొట్టువాళ్ళు, మిఠాయి కొట్టువాళ్ళు ఏటా ఊరికే ఇస్తారు. తీసుకోను. అత్తిమంజేరిపేటలో మాకు మగ్గాలున్న కాలంలో మా తాతగారే తన పేరుతో క్యాలెండర్ అచ్చువేయించి చుట్టుపక్కల ఊళ్ళకు పంచేవారు. ఇప్పుడు మగ్గాలు లేవు, ఆ ఇల్లూ లేదు. తిరువళ్ళూరులో రెండు గదుల అద్దె ఇల్లు మాది. అయినా, పంచిన ఇంటి చేయి ఒకరి ముందు చాపమంటే ముందుకు రాదు.

అందుకే మా క్యాలెండర్ నేనే తయారు చేస్తాను. మందపాటి చార్టు కాగితం, నెలకొక షీటు, ఉగాదితో మొదలు. పైన తెలుగు నెల పేరు, కింద రోజుకొక పెద్ద గడి. పండుగలూ తిథులూ మాత్రం ముందే రాసిపెడతాను. మిగతా గడి ఖాళీ. రోజు గడిచాక సాయంత్రం కూర్చుని అందులో ఒక చిన్న బొమ్మో, ఒక వాక్యమో వేస్తాను. పూండి జలాశయం గేట్లు ఎత్తారని విన్న రోజు, కొత్త చెప్పులు కరిచిన రోజు, పక్కింటి పిల్లి మా పాలు తాగిపోయిన రోజు. అంచులకు రంగులు ఎంచేది నా భార్య. ఆమె నా మేనమామ కూతురు, నాలాగే మగ్గాల ఇంట్లో పుట్టింది.

ఈసారి ఉగాదికి కాస్త ముందు ఆమె గొంతు దగ్గర వాపు కనిపించింది. డాక్టరు నొక్కి చూశాడు, స్కాన్ తీయించాడు. "ఇప్పుడే ఏమీ చెప్పలేను. మాత్రలు వాడండి. రెండు నెలలాగి మళ్ళీ స్కాన్ తీద్దాం. పెరిగితే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. వైశాఖం చివరి వారం.

ఎవరికీ చెప్పలేదు. తిరుత్తణి నుంచి బంధువులు ఫోన్ చేస్తే "అంతా క్షేమం" అన్నాను. ఇంట్లో జబ్బును వీధిలో పెట్టడం మా వంశంలో లేదు. అంతకంటే, ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం.

చైత్రం గీశాను, వైశాఖం గీశాను. జ్యేష్ఠం కాగితం మీద స్కేలు పెట్టాను. పెన్సిల్ కదలలేదు. గీస్తే అన్ని ఖాళీ గడులు నోరు తెరుచుకుని నావైపు చూస్తాయి. ఆ సాయంత్రాలలో ఈ ఇంట్లో ఎవరుంటారు? మిగిలిన కాగితాలు చుట్టచుట్టి బీరువా పైన పడేశాను.

ఉగాది పొద్దున పచ్చడి తిన్నాక ఆమె క్యాలెండర్ మేకుకు తగిలించి, షీట్లు ఎత్తి చూసింది.

"ఏం బావా, ఏడాదికి రెండు నెల్లేనా? మిగిలినవి యాడ పెట్టినావు?"

"కాగితం అయిపోయింది."

"బీరువా మీద చుట్టిపెట్టినావే, అదేంది, పరుపా?"

నేను పచ్చడి గిన్నెలు ఎత్తసాగాను.

"స్కాన్ దాకా గీసి నిలిపేసినావు గదా" అంది.

"తర్వాత గీస్తాలే" అన్నాను.

"మగ్గం మింద పడుగును నడిమిట్ల కోసినోడిని ఎవుర్నన్నా చూస్తివా? మీ తాత వుండుంటే నీ చెయ్యి ఇరగ్గొట్టుంటాడు."

మా ఇళ్ళలో ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు నూలు, నేయడం అయిపోయినా నూలంతా ఊడలాగరు. పాత పోగుల కొసలు మగ్గంలోనే వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. మగ్గం బోసిగా నిలబడిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని అర్థం. మా మగ్గాలు బోసిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఆమె స్టూలెక్కి కాగితాలు దించి, నేలమీద పరిచి, తనే గీతలు గీసింది. అన్నీ వంకర. ఆషాఢంలో ఒక గడిలో తమిళ అక్షరాలతో "ఆడి కృత్తిక, తిరుత్తణి" అని రాసింది. ఆషాఢం తమిళంలో ఆడి, ఆ నెలలో తిరుత్తణి గుడికి పెద్ద పండుగ. ఆమె చదువంతా తమిళంలోనే. నా క్యాలెండర్ మీద అంతవరకు ఒక్క తమిళ అక్షరం పడలేదు.

"తెలుగులో రాయకూడదా?" అన్నాను.

"నీ తెలుగు రెండు నెల్లకే నిలిచిపాయె. నా తమిళం ఆడి దాకా పోయింది, సూడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే ఆమె గొంతు దగ్గర ఆ వాపు పైకీ కిందికీ కదిలింది. నా నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత రోజూ గడులు నింపుతూనే వచ్చాను. ఉక్కపోత రాశాను, కరెంటు పోవడం రాశాను, కాకి ఎత్తుకుపోయిన వడియం బొమ్మ వేశాను. గొంతు గురించి ఒక్కసారీ రాయలేదు. ఆమె నీళ్ళు తాగేటప్పుడల్లా మాత్రం దొంగచాటుగా చూసేవాణ్ణి. ఒకరోజు తగ్గినట్టుండేది, మర్నాడు పెరిగినట్టుండేది.

వైశాఖం చివరి వారం రానే వచ్చింది. డాక్టరు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశాడు. "పెరిగింది. తీసేయడమే మంచిది. అదేమిటో తీసి పరీక్షకు పంపితేగానీ చెప్పలేం" అన్నాడు. ఆపరేషన్‌కు జ్యేష్ఠంలో ఒక రోజు ఇచ్చాడు. తిరిగి వస్తుంటే ఆమె ముందు నడిచింది. తెలిసినవాళ్ళు తిరిగే రోడ్డు కాబట్టి నేను నడుము నిటారుగానే ఉంచాను. కళ్ళు మాత్రం ఆమె చెప్పుల మీదే పెట్టుకుని నడిచాను.

ఇంటికి రాగానే ఆమె జ్యేష్ఠం షీటు నా ముందు పెట్టింది. "రాయి" అంది. ఆమె గీసిన వంకర గడిలో "ఆసుపత్రి" అని పెన్సిల్‌తో రాశాను.

"మర్నాడు ఏం రాసేది?" అని నోరుజారి అడిగేశాను.

"మర్నాడు వచ్చినాక రాయి. నువ్వెప్పుడన్నా దినం రాకముందే బొమ్మేసినావా? సుమ్మా కూసోకుండా పొయ్యి మామిడికాయలు తీసకరా. గొంతు కోసినాక కారం ఎవురు దంచేది, నువ్వా?"

ఇది రాస్తున్నది ఆ ఆసుపత్రి గడికి ముందు రోజు సాయంత్రం. వంటింట్లో ఆమె ఊరగాయ జాడీకి గుడ్డ కడుతూ, రేపు నేను ఏ చొక్కా వేసుకోవాలో ఇక్కడికి వినబడేలా చెబుతోంది. ఈ రోజు గడిలో మామిడికాయ బొమ్మ వేశాను. కాయ ముక్కు దగ్గర గీత జారి పక్కనున్న ఆసుపత్రి గడిలోకి పోయింది. చెరపలేదు.