లస్మవ్వ బాక్సులో నాలుగో నంబరు

దయ్యాల ముచ్చట్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. ఇరవై ఏళ్లుగా డిష్‌లు బిగించే పని నాది. "టీవీ దానంతట అదే ఆన్ అవుతోంది, ఇంట్లో ఏదో ఉంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పోయి చూస్తాను. రిమోట్ బటన్ ఇరుక్కుపోయి ఉంటుంది. బల్లి గుడ్లు పెట్టిన బాక్సులు విప్పాను, ఎలుకలు కొరికిన వైర్లు మార్చాను. దయ్యం మాత్రం ఏ బాక్సులోనూ కనబడలేదు. ఇది చదివి మీరు నమ్మాలని కూడా నేను అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

నా పేరు యాకూబ్. జనగామలో చిన్న దుకాణం ఉంది. నాకు పని నేర్పింది కొమురయ్య ఉస్తాద్. భూపాలపల్లిలో ఆయన వెనక ఆరేళ్లు నిచ్చెన మోశాను. ముక్కు మీద కోపం ఉండేది ఆయనకు. స్క్రూ కింద పడేస్తే తిట్టేవాడు, వెతికి తెస్తే ఆలస్యమైందని మళ్లీ తిట్టేవాడు. మధ్యాహ్నం మాత్రం తన టిఫిన్‌లో సగం నాకు పెట్టకుండా తినేవాడు కాదు.

ఆయనకొక నియమం ఉండేది. ఎవరి బాక్సు ముట్టుకున్నా, ముందు అందులో ఏ నంబరు మీద ఏ ఛానల్ ఉందో కాగితం మీద రాసుకోవాలి. చదువు రాని ముసలివాళ్లు ఛానల్ పేరుతో చూడరు, నంబరుతో చూస్తారు. రెండు నొక్కితే వార్తలు, ఐదు నొక్కితే సినిమా. అది మారితే వాళ్లకు టీవీ ఉన్నా లేనట్టే.

"డబ్బ కంపెనీది కావచ్చురా, వరుస మాత్రం ఇంటోళ్లది" అనేవాడు. "దాన్ని ఖరాబ్ చేసే హక్కు మనకు లేదు."

ఆయన భార్య లస్మవ్వకు షుగర్‌తో చూపు పోయింది. అప్పుడు ఆయన పని మానేసి, మహదేవపూర్ అవతల తమ ఊరికి వెళ్లిపోయాడు. నెలనెలా డబ్బు కట్టక్కర్లేని ఉచిత ఛానళ్ల బాక్సొకటి ఇంట్లో పెట్టి, అందులో వరుస ఆమె కోసమే పేర్చాడు. ఒకటి మీద భక్తి పాటలు, రెండు మీద వార్తలు, ఆరు మీద రేడియో. మధ్యలోవి నాకు సరిగ్గా గుర్తులేవు, దాని సంగతి తర్వాత చెబుతాను. వేలితో తడిమితే తెలిసేలా రిమోట్ మీద ఒకటికి, నాలుగుకు గట్టి గమ్ చుక్కలు పెట్టాడు. ఆ వరుసే ఆమెకు గడియారం. ఏ నంబరులో ఏం వస్తోందో విని ఎంత పొద్దెక్కిందో చెప్పేది.

ఉస్తాద్ నిద్రలోనే పోయాడు. అది జరిగిన ఎనిమిది నెలలకు లస్మవ్వ కూతురు సరిత మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చి, తల్లి ఇంటి నుంచి తెచ్చి తువ్వాలులో చుట్టిన ఆ బాక్సును నా దుకాణంలో పెట్టింది. బొమ్మ ఆగి ఆగి వస్తోందని, కొన్ని ఛానళ్లు అసలే రావడం లేదని చెప్పింది. తల్లితో ఫోన్ కలిపి నాకిచ్చింది.

"యాకూబ్ కొడుకా, బాగు చెయ్యి. గాని, డబ్బ లోపల మీ ఉస్తాద్ పెట్టిన వరుస ఎట్లున్నదో గట్లనే తేవాలె. ఆయన చేతిది నాకు గదొక్కటే మిగిలింది" అన్నది లస్మవ్వ.

"పరేషాన్ కాకు అవ్వా, నేనే తెచ్చి బిగిస్త" అన్నాను.

సరిగ్గా ఆ వారమే ఆ మోడల్ బాక్సుకు కంపెనీవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేసి, అందరికీ ఇచ్చే ముందు కొందరు మెకానిక్‌లకు పంపారు. కాగితాల్లో దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. పెన్‌డ్రైవ్‌తో బాక్సులోకి ఎక్కించి, నాలుగు రోజులు నడిపి, మంచీచెడూ రాసి పంపాలి. దుకాణంలోని రెండు పాత బాక్సుల్లో ఎక్కించాను. ఛానళ్ల వెతుకులాట త్వరగా అయింది. సిగ్నల్ తక్కువున్నా బొమ్మ నిలబడింది. పదిసార్లు కరెంటు తీసి పెట్టినా చెడలేదు. లస్మవ్వ బాక్సు జబ్బుకు ఇదే మందు అనుకున్నాను.

తప్పు అక్కడే చేశాను. దానికీ ఎక్కించే ముందు వరుసను కాగితం మీద రాయలేదు. బాక్సులోనే ఛానళ్ల జాబితాను పెన్‌డ్రైవ్‌లో దాచుకునే పద్ధతి ఉంది కదా, కాగితం కలం కాలం పోయిందనుకున్నాను. దాచాను. దాచినట్టు చూపించింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కింది, పాతదంతా తుడిచేసింది. జాబితా తిరిగి పెట్టబోతే, పాత సాఫ్ట్‌వేర్ దాచిన ఫైలును కొత్తది చదవనన్నది. ఆ పెన్‌డ్రైవ్‌తో రెండు రోజులు కుస్తీ పట్టాను. రాలేదు. ఉస్తాద్ బతికి ఉంటే చెంప పగలగొట్టేవాడు, నేనూ నిలబడి కొట్టించుకునేవాణ్ణి.

కొత్తగా వెతికిస్తే ఛానళ్లన్నీ ఉపగ్రహం ఇచ్చిన క్రమంలో పడ్డాయి. ఒకటి మీద హిందీలో గిన్నెలు అమ్మే ఛానల్, నాలుగు మీద భోజ్‌పురి సినిమాలు. కంపెనీకి పంపడానికి ఆ తెరను ఫోన్‌లో ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

లస్మవ్వకు ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. ఎదురుగా కూర్చుని, మాటల్లో పెట్టి, ఏ నంబరు మీద ఏముండేదో రాబట్టి, నెమ్మదిగా పేర్చి పెడదామని అనుకున్నాను. పొద్దున బయల్దేరి హనుమకొండలో బస్సు మారి, భూపాలపల్లి దాటి, వాళ్ల ఊరు చేరేసరికి రెండున్నర దాటింది. పట్టపగలు. బయట ఎవరో వడ్లు ఎండబోస్తున్నారు.

బాక్సు బిగించాను. సౌండ్ పూర్తిగా తీసేసి జాబితా తెరిచి చూశాను. ఒకటి మీద గిన్నెలు, నాలుగు మీద భోజ్‌పురి. మా దుకాణంలో ఎలా ఉందో అలాగే. లస్మవ్వ మంచం మీద కూర్చుని రిమోట్ కోసం చెయ్యి చాపి ఉంది. అప్పుడే కరెంటు పోయింది.

పది నిమిషాలు చీకట్లో కాదు గానీ, ఉక్కపోతలో కూర్చున్నాం. వరుస సంగతి ఎలా ఎత్తాలా అని నేను, ఉస్తాద్ గురించి చెబుతూ ఆమె. కరెంటు వచ్చింది. బాక్సు ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆమె టీపాయ్ మీది రిమోట్ అందుకుని, సౌండ్ పెంచి, గమ్ చుక్కను తడిమి ఒకటి నొక్కింది.

భక్తి పాట వచ్చింది.

రెండు నొక్కింది. వార్తలు. మూడు మీద వ్యవసాయం కార్యక్రమం. నేను లేచి నిలబడ్డాను. తెర మీద నంబర్లు కనబడుతున్నాయి, కళ్లు చెదరడం కాదు. ఐదు మీద పాత సినిమా, ఆరు మీద రేడియో. ఆమె తల ఊపుతూ పోతోంది. అప్పుడు వెనక్కి వచ్చి, ఇందాక వదిలేసిన నాలుగు నొక్కింది.

పల్లె పాటలు వచ్చాయి. లస్మవ్వ చెయ్యి ఆగిపోయింది.

"కొడుకా, గీ నాలుగు మీద నువ్వే పెట్టినవా?" అని అడిగింది. "ఇంతకు ముందున్న పాటల ఛానల్ బందయ్యి మూడు నెలలైంది. నాలుగు నొక్కితే సప్పుడే రాకపోతుండె. ఆయన ఫొటో ముందల కూసోని, నాలుగు మీద మళ్ల పాటలు పెట్టరాదయ్యా అని ఒక్కపారి అన్న. బిడ్డకు గూడ చెప్పలే."

నిజం చెప్పాలంటే వరుస తుడిచేశానని కూడా చెప్పాలి. చెప్పడానికి బుగులైంది.

"నేనే పెట్టిన అవ్వా" అన్నాను.

"మంచిది కొడుకా" అన్నది. మెచ్చుకుంటుందనుకున్నాను. గొంతులో సంతోషం మాత్రం వినబడలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

తిరుగు బస్సులో నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. పాత జాబితా బాక్సులో ఏ మూలో మిగిలి ఉండొచ్చు, కరెంటు పోయి రావడంతో పైకి తేలి ఉండొచ్చు. సరే. మరి నాలుగు సంగతి? పాత జాబితా వస్తే నాలుగు మీద బందయిన ఛానల్ ఉండాలి, అంటే చప్పుడు ఉండకూడదు. అక్కడ వచ్చిన పాటల ఛానల్ మొదలైందే ఉస్తాద్ పోయిన చాలా రోజులకు. నా ఫొటోలో అది ఎనభై మూడో నంబరు మీద ఉంది. పాత ఛానల్ ఫ్రీక్వెన్సీ వేరు, దీనిది వేరు. దుకాణంలోని బాక్సుల్లో అదే సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, కరెంటు ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. ఒక్క ఛానల్ కూడా చోటు మారలేదు.

కంపెనీకి పంపిన కాగితంలో "తప్పులేమీ కనబడలేదు" అని రాశాను. చివర్లో ఇతర విషయాలు రాయమని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను.

ఉస్తాద్ సంవత్సరీకానికి మళ్లీ వెళ్లాను. భోజనాలై చుట్టాలు సర్దుకుంటున్నారు. లస్మవ్వ లోపల ఒక్కతే ఉంది. టీవీ బంద్ పెట్టి ఉంది. పక్కన కూర్చుని, ఇక దాచలేక చెప్పేశాను.

"అవ్వా, గా నాలుగు మీది పాటలు నేను పెట్టలే. అబద్ధమాడిన. ఉస్తాద్ వరుస మొత్తం నా చేతులతోనే తుడిచిపెట్టిన. మళ్ల ఎట్ల వచ్చిందో నాకెరుక లేదు. నన్ను మాఫ్ చెయ్యి."

తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"గా దినమే చెప్పకపోతివి కొడుకా. నేనడిగిందే గందుకు. నువ్వు కాదంటవేమో అని ఎంత ఆశపడ్డనో. నువ్వు అవునంటివి. ఇన్ని దినాలు ఆయన కాదనుకున్న. గా పాటలు పెట్టుకోబుద్ధే కాలే."

రిమోట్ కోసం తడుముకుంటుంటే నేనే చేతిలో పెట్టాను. గమ్ చుక్క మీద వేలు కాసేపు అలాగే ఉంచి, నాలుగు నొక్కింది. పాట పూర్తయ్యే వరకూ ఇద్దరం కదలలేదు.

ఇప్పుడు ఎవరి బాక్సు ముట్టుకున్నా ముందు కాగితం తీస్తాను. ఆ వరుస ఎలా తిరిగి వచ్చిందో, నాలుగు మీదికి ఆ పాటలు ఎవరు తెచ్చారో ఈ రోజుకీ చెప్పలేను. ఒక ముసలామెకు దొరికినదాన్ని నా అబద్ధంతో నాలుగు నెలలు లేకుండా చేశాను. అది మాత్రం నాకు తెలుసు.