పోలిష్ క్లబ్బులో ఖాళీ కంచం

మా పెరటి కంచెకు అవతల పోలండ్ వాళ్ల ఫుట్‌బాల్ మైదానం ఉండేది. ఈ దేశం వచ్చి పెండిల్ హిల్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు ఏజెంట్ దాన్ని పార్క్ వ్యూ అన్నాడు. వాడి మొహం. శనివారం వచ్చిందంటే బంతి వచ్చి నా కరివేపాకు చెట్టు మీద పడేది. మా ఆయన ఉన్నన్నాళ్లూ నవ్వుతూ దాన్ని తీసి అవతలికి విసిరేసేవారు. ఆయన పోయాక ఆ పని నా నెత్తిన పడింది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్ద కొమ్మ విరిగిన రోజున బంతిని చంకలో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను, ఎవడొస్తాడో రానీ, కడిగి పారేద్దామని.

వచ్చింది ఎనభై దాటిన పెద్దాయన, క్లబ్బు సెక్రటరీ. టోపీ తీసి చేత్తో పట్టుకుని, చెట్టు ఎక్కడుందో చూపించమన్నారు. విరిగిన కొమ్మ దగ్గర కాసేపు నిలబడి, మా క్లబ్బు తరఫున క్షమాపణ అన్నారు. నాకు కాదు, చెట్టుకి. బంతి ఇచ్చేశాను. వెళ్తూ వెళ్తూ, ఇంకా సగం ఆట ఉంది, లోపలికొచ్చి చూడండి అన్నారు.

నాకు మాత్రం ఏం పనుంది? వారమంతా ఇంట్లోంచే ఆఫీసు, తెర మీద తలకాయలతో మాట్లాడటం. మెల్‌బోర్న్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, "ఆల్ గుడ్ అమ్మా" దగ్గర మాట అయిపోతుంది. శనివారాలు మనవాళ్ల ఇళ్లలో బార్బీలుంటాయి, పెరట్లో మాంసం కాల్చుకుని తినే విందులు, కాదనను. అందరూ జంటలుగా వస్తారు. ఒక్కదాన్నే వెళ్తే నాతో ఏం మాట్లాడాలో తెలియక, పాపం, తెగ వడ్డించేస్తారు. దానికంటే మైదానమే నయమనిపించింది.

ఫుట్‌బాల్‌లో నాకు ఓనమాలు రావు. పెద్దాయన పక్కన బెంచీ మీద కూర్చుంటే ఆట వదిలేసి క్లబ్బు కథ చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక ఓడలెక్కి వచ్చి, రేకుల షెడ్లలో కాపురాలు పెట్టినవాళ్ల క్లబ్బు అది. వారమంతా ఫ్యాక్టరీల్లో చాకిరీ చేసి, ఆదివారం చర్చి నుంచి తిన్నగా పలుగూ పారా పట్టుకుని వచ్చి ఈ నేలను చదును చేశారట. ఆ తర్వాత పక్కనే హాలు కట్టుకున్నారు. ఒకే ఒక్కసారి పై డివిజన్‌కి ఎక్కి, ఒక్క సీజన్ ఆడి కిందికి దిగిపోయారు. ఆ ఏడాది గురించి చెప్పాల్సి వస్తే పెద్దాయన కూర్చుని చెప్పలేరు, లేచి నిలబడేవారు. మిగతా కథంతా కింది డివిజన్లే. పిల్లలు డాక్టర్లూ లాయర్లూ అయి దూరంగా ఇళ్లు కట్టుకున్నారు, మనవలు రగ్బీకి పోయారు. నేను చూసేనాటికి గోల్‌కీపర్ నేపాలీ, ముందు ఆడేవాళ్లు సూడాన్ కుర్రాళ్లు, వెనకాల మన ఖమ్మం అబ్బాయి ఒకడు. తెలుపూ ఎరుపూ చొక్కా మాత్రం మారలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన సున్నం బండి తోసుకుంటూ గీతలు వేస్తుంటే ఆ చక్రం కిర్రుమనే చప్పుడు నా వంటింట్లోకి వినిపించేది. రేపు శనివారం అనుకునేదాన్ని. బెంచీ మీద నా చోట ఎవరైనా కూర్చోబోతే ఆయన లేపేసేవారు. ఈ ఊళ్లో నేను వస్తానని ఎదురుచూసే మనిషి ఆయనొక్కరే.

కిందటి సీజన్ అయ్యాక ఒకరోజు, ఇక మా వల్ల కాదు, కమిటీకి చాలినంత మంది కూడా మిగల్లేదు అన్నారు. పక్క పేటలోని పెద్ద క్లబ్బులో కలిపేస్తున్నారట. హాలు కూడా ఖాళీ చేసెయ్యాలి. క్రిస్మస్ ముందురోజు రాత్రి సభ్యులంతా అక్కడ కలిసి భోంచేయడం ఆనవాయితీ, ఇదే ఆఖరుది అన్నారు. నన్ను రమ్మనలేదు. నేనేమన్నా సభ్యురాలినా?

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం కంచె మీంచి వాళ్ల మాటలు వినిపిస్తుంటే ఇంట్లో కాలు నిలవలేదు. పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. ఇచ్చేసి వచ్చేద్దామనే బయల్దేరాను. లోపలికి రమ్మంటారేమోనన్న ఆశ లేదంటే మాత్రం అబద్ధం. పిలవని పేరంటానికి పోతున్నావే అని నన్ను నేనే తిట్టుకుంటూ వెళ్లాను.

ముసలివాళ్లంతా బయట నిలబడి ఆకాశం చూస్తున్నారు. తొలి చుక్క కనిపిస్తేగానీ ముద్ద ముట్టరట. కార్తీక సోమవారాలు మా అమ్మ కూడా అంతే. చుక్క పొడిచింది, లోపలికి వెళ్లారు. గుమ్మంలో నిలబడ్డ నన్ను పెద్దాయన చూసి గబగబా వచ్చారు. పొడుగాటి బల్ల చివర ఒక ఖాళీ కుర్చీ, దాని ముందు కంచం, చెంచా, గ్లాసు. ఆ కుర్చీ వెనక్కి లాగి, కూర్చోండి అన్నారు.

ఉపవాసం, చుక్క, ఎవరూ కూర్చోని చోట వడ్డించిన కంచం. నెల కిందటే మా ఆయన తిథికి పెరట్లో అరిటాకు వేసి, ఆయనకిష్టమైనవన్నీ వడ్డించి, దూరంగా నిలబడ్డాను. కాకులు రాలేదు, ఇక్కడి నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్టలు వచ్చి తిన్నాయి. పోయినవాళ్ల విస్తరి ముందు బతికున్నవాళ్లు కూర్చోకూడదు. కంచానికి దణ్ణం పెట్టి, ఇది వాళ్లది, నేను కూర్చోకూడదు అని ఇంగ్లీషులో ఏదో గొణిగాను. కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. పులిహోర డబ్బా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. వంటింట్లో నిలబడే పెరుగన్నం తిన్నాను. అవతల వాళ్లు పాడుతున్నారు. పద్ధతి తప్పలేదని ఆ రాత్రి నాకు కాస్త గర్వంగా కూడా ఉంది.

జనవరిలో హాలు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. కప్పులు పేపర్లలో చుడుతూ, ఆ కంచం కాలం చేసిన మీ ఆవిడ కోసమా, పోయినవాళ్లందరి కోసమా అని అడిగాను.

"పోయినవాళ్లకి కాదు మేడమ్, చెప్పకుండా వచ్చేవాళ్లకి," అన్నారు పెద్దాయన.

ఆ రాత్రి తలుపు తట్టినవాళ్లు ఎవరైనా సరే, కూర్చోబెట్టి పెట్టడం వాళ్ల ఆచారమట. హాలు కట్టిన నాటి నుంచీ ఏటా ఆ కంచం పెడుతూనే ఉన్నారు. వచ్చేవాళ్లంతా ముందే తెలిసిన సభ్యులే కాబట్టి ఆ కుర్చీలో ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదు. చెప్పకుండా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదో నా మీదో తెలియదు. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ? మా వైపైతే రెక్క పుచ్చుకుని కూర్చోబెడతారు," అన్నాను.

"మీరు ఏడుస్తున్నారు. ఏడుస్తున్న మనిషిని ఎలా ఆపను?"

చేతిలోని కప్పును పేపర్లో చుట్టి పెట్టెలో పెట్టాను. బయట కుర్చీలన్నీ ట్రక్కులోకి ఎక్కిస్తున్నారు. వచ్చే ఏడు ఈ కంచం ఎక్కడ పెడతారని అడిగాను. ఊరికి ఆ చివర రౌస్ హిల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానన్నారు. ఒంటరిగా ఉండనివ్వడం లేదట, కారు కూడా మాన్పించేశారు. అక్కడ బల్ల ఆరుగురికే సరిపోతుందన్నారు. వాళ్లే ఆరుగురు.

మరి మీరెక్కడ కూర్చుంటారని అడగలేకపోయాను. మా ఇంటికి రండి, క్రిస్మస్ దాకా ఎందుకు, ఏ శనివారమైనా చెప్పా పెట్టకుండా వచ్చెయ్యండి అన్నాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, సరే అన్నారు.

అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నం రెండు కంచాలు పెడుతున్నాను. రౌస్ హిల్ నంబరు నా దగ్గర ఉంది. ఫోన్ చేసి పిలిస్తే వస్తారేమో. కానీ పిలిస్తే వచ్చే మనిషి కోసం కాదు కదా ఆ కంచం. అందుకని చెయ్యను. ఇంతవరకు రాలేదు.