గరిటెతో చెప్పిన ఎక్కం

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా అమ్మాయి ఉద్యోగాన్ని నేను నాలుగంటే నాలుగు నిమిషాల్లో ఊడగొట్టిన వైనం చెబుతాను. ఉన్న ఉద్యోగాన్ని ఎవరైనా ఊడగొడతారు. ఇంకా చేరని ఉద్యోగాన్ని ఊడగొట్టడానికి నాలాంటి తల్లి కావాలి.

మా మానస కోదాడలో ఇంజనీరింగ్ చదివి, ఏడాదిన్నర మిర్యాలగూడలో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎదురైన ప్రతివాళ్లూ "పిల్లకు జాబొచ్చిందా?" అని అడిగేవారు. అది పాపం సందులు మార్చి నడవడం నేర్చుకుంది. చివరికి రెండేళ్ల కిందట ఒక కంపెనీ పిలిచింది. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో సముద్రాల అవతలి పిల్లలకు లెక్కలు చెప్పాలట. నా చిన్నప్పుడు బడికి పోవాలంటే నేను కాలువ దాటాలి. ఇప్పుడు బడే సముద్రం దాటి మా వంటింటి పక్క గదికి వచ్చింది!

ముందు ఒక పరీక్ష క్లాసు ఉంటుందట. నిజం పిల్లకే పాఠం చెప్పాలి. కంపెనీ సారు కనిపించకుండా వింటుంటాడు. ఆయనకు నచ్చితే ఉద్యోగం, లేకుంటే ఖతం.

"అమ్మా, పొద్దుగాల ఆరింటికి క్లాసు. కుక్కర్ పెట్టకు. మిక్సీ వెయ్యకు. పక్కింటామెతోని ముచ్చట పెట్టకు."

"ఊపిరన్న పీల్చుకోవచ్చునా బిడ్డా?"

"జర మెల్లగ పీల్చుకో."

సరేనన్నాను. అంతవరకు నా తప్పేమీ లేదు. తలుపు సరిగ్గా పడకపోవడం తలుపు తప్పు.

మీకు ఒక సంగతి చెప్పాలి. మా పుట్టినూరు త్రిపురారంలో ఐదో తరగతి సగంలో ఉండగా నన్ను బడి మాన్పించారు. నాట్ల కాలం, ఇంటికి చేతులు కావాలి. అప్పటికే ఇరవయ్యో ఎక్కం దాకా నాకు కంఠతా వచ్చు. నా పలక ఎవరికో ఇచ్చేశారు గానీ, ఎక్కాలను ఎవరూ లాక్కోలేకపోయారు. నాటు వేస్తూ పాడుకున్నాను, పిల్లకు జోల పాటగా పాడాను. నలభై ఏళ్లలో వాటిని నన్ను అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ పొద్దున ఉప్మా కలుపుతూ తలుపు సందులోంచి చూశాను. తెర మీద ఎనిమిదేళ్ల పిల్ల, మొక్కజొన్న పీచులాంటి జుట్టు. పేరు లిల్లీ. వాళ్ల ఇంగ్లీషు నాకు రేకుల మీద వానలాగా వినిపించింది. ఇంతలో మానస 7 × 8 అని రాసింది. అంకెలు ఏ దేశంలోనైనా అంకెలే కదా! లిల్లీ పెదవి కొరికింది. పైకి చూసింది. వేళ్లు మడిచింది. మానస చిరునవ్వుతో అలాగే కూర్చుంది. ఎంతసేపని? పక్క పిల్లకు రాకపోతే అందించే పాత అలవాటు నా గొంతులో దురద పెట్టింది.

"ఏడెనిమిదుల యాభై ఆరు!"

రైసుమిల్లులో కరెంటు పోయినట్టు మానస చిరునవ్వు టక్కున ఆరిపోయింది. లిల్లీ కళ్లింత చేసుకుని ఏదో అడిగింది.

"ఎవరని అడుగుతుంది. నువ్వు లోపలికి పో అమ్మా," అంది మానస పళ్లు బిగించి.

ఎవరని అడిగాక ముఖం చాటేయడం ఏం మర్యాద? ముందుకొచ్చి నమస్కారం పెట్టాను, చేతిలో గరిటెతో సహా. పిల్ల పకపకా నవ్వి మళ్లీ ఏదో అడిగింది.

"ఇప్పుడేమంటుంది?"

"యాభై ఆరే ఎందుకైతది అంటుంది. ఇగ సాలు, పో!"

ఎందుకా? ఎక్కాన్ని ఎందుకని అడగడం నేను పుట్టి ఎరగను. సారు చెప్పాడు, మేం అప్పజెప్పాం. ఆ సంగతే విడమరిచి చెప్పబోయాను.

"ఎందుకేంది బిడ్డా? మా సారు సెయ్యి పట్టుమని గిట్ల ఒక్కటేసేటోడు. ఇగ సచ్చేదాక యాదికుంటది!"

పిల్లకు తెలుగు రాదు కదా అని, గరిటె ఎత్తి గాలిలో రెండు దెబ్బలు వేసి మరీ చూపించాను. ఉప్మా ఎగిరి కెమెరాకు అతుక్కుంది. వాళ్లమ్మ పరుగున వచ్చి పిల్లను ఒడిసి పట్టుకోవడం ఒక్కటే కనబడింది. తర్వాత తెర నల్లబడింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు పాతదే, ఊరు మారిపోయిందని నాకేం తెలుసు?

మానస ఏడ్చినా బాగుండేది. ఉప్మా తుడుచుకుంటూ మెల్లగా అంది. "పిల్ల ఎందుకని అడగాలెనని నేను కాసుకొని కూసున్ననమ్మా. గదే అసలు పాఠం."

మధ్యాహ్నం కంపెనీ సారు ఫోన్ చేశాడు. మానస ఎత్తనంటే నేనే ఎత్తాను.

"సారూ, తప్పు నాది. నేనెవ్వల్ని కొట్టలే, ఉత్తగ సూపెట్టిన."

అవతల రెండుసార్లు దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకుంటున్నాడట, పాపం. ఆయన తెలుగాయనే.

"అమ్మా, ఎల్లుండి అదే పాపతో మళ్లీ క్లాసు పెడతాం. వాళ్లమ్మను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒకటే షరతు. ఆ టైంలో మీరు ఇంట్లో ఉండొద్దు."

"వాకిట్ల కూసోవచ్చునా సారూ?"

"వద్దమ్మా."

"పక్కింట్ల?"

"మీ గొంతు విన్నాను కదమ్మా. ఊళ్లోనే వద్దు."

ఆయన చెప్పిన రోజున చీకటితోనే సూర్యాపేట బస్సెక్కాను. ఆరు కాగానే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇప్పుడు లిల్లీ పెదవి కొరుకుతూ ఉంటుంది. ఇప్పుడు ఎందుకని అడుగుతూ ఉంటుంది. నా బిడ్డ జవాబు చెబుతూ ఉంటుంది. ఆ జవాబు వినాలని నాకెంత ఉందో ఎవరితో చెప్పుకోను? ఎక్కాలన్నీ నా దగ్గరున్నాయి. ఆ 'ఎందుకు' ఒక్కటే లేదు. అడిగే వయసు వచ్చేసరికి నేను బడిలో లేను.

సూర్యాపేట బస్టాండులో దిగుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, జాబొచ్చింది!"

"ఆ పిల్ల భయపడ్డదా బిడ్డా?"

"భయమా? క్లాసంత తలుపు దిక్కే సూసింది. నువ్వు ఊర్లె లేవంటే మూతి ముడుసుకుంది."

ఒక్కసారి మళ్లీ బడిలో అడుగు పెట్టాలని నలభై ఏళ్లు ఆశపడ్డాను. తీరా పెడితే నాలుగు నిమిషాలకే గెంటేశారు. అల్లరి చేసిన పిల్లను గది బయట నిలబెడతారు, నన్ను ఊరి బయట నిలబెట్టారు!

కాబట్టి ఆ రోజే అన్నం మీద ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద ఏ దేశపు పిల్ల ఎన్నిసార్లు పెదవి కొరికినా నేను నోరు విప్పను. నిన్న ఎవరో కొత్త పిల్లవాడు తొమ్మిదెనిమిదుల దగ్గర ఆగిపోయాడని మానస చెప్పింది. నేను కిక్కురుమనలేదు.

డెబ్బై రెండు అని ఇక్కడ రాసుకున్నాను, అంతే.